తిప్పన్న మాస్టరూ, మాట వినని కోచూ

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లకేం కొదవ లేదు. కానీ కటింగ్ మాస్టరుకు సొంత బాస్కెట్‌బాల్ జట్టు ఉన్న యూనిట్ మాత్రం మాదొక్కటే. జట్టంటే నిజం జట్టు కాదులెండి, ఫోన్‌లో ఉండే జట్టు. అయినా దాని గెలుపోటముల మీద మా సగం బతుకు ఆధారపడి ఉండేది. గెలిచిన పొద్దు మాస్టరు అందరికీ టీ ఇప్పించేవాడు. ఓడిన పొద్దు మా కుట్లలో వంకలు వెతికేవాడు.

నా పేరు హేమావతి. ప్యాంటు నడుముకు బెల్టు దూర్చే లూపులు కుట్టడం నా పని. నా మిషను కటింగ్ టేబులుకు ఎదురుగా ఉంటుంది. తల ఎత్తితే తిప్పన్న మాస్టరు మొహం, దించితే లూపులు. ఇన్నేళ్లుగా ఆ మొహం చూసినదాన్ని కాబట్టి ఆయన కథ చెప్పే హక్కు నాదేనని నా వాదన. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను బయమ్మ ఒప్పుకోదు. ఆమె దేనికి ఒప్పుకుంది గనక.

తిప్పన్నది తనకల్లు దగ్గర పల్లె. వాన మొహం చాటేసి శెనక్కాయ చేను ఏడాదికేడాది ఎండిపోతుంటే మీసం మొలవని వయసులోనే బళ్ళారికి పోయి, అక్కడ ఒక కటింగ్ మాస్టరు దగ్గర సుద్దముక్కలు అందించే పనిలో చేరాడు. చూసి చూసి పని నేర్చుకున్నాడు. మా ఊరి నల్లమ్మను పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. జీన్స్ గుడ్డను పొర మీద పొర పరిచి, పైన సుద్దతో గీత గీసి, కరెంటు కత్తితో ఆయన కోస్తుంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. చూడొచ్చు అంతే. నోరు విప్పకూడదు, దగ్గరికి పోకూడదు, ఆయన సుద్ద ముట్టుకుంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఎందుకంటే మాస్టరుకు ఒక జబ్బుంది. ఏ పనైనా ఆయన చెప్పినట్టే జరగాలి. గుడ్డ ఎలా మడవాలో చెప్తాడు, దారం ఎలా తెంచాలో చెప్తాడు, చీపురు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా చెప్తాడు. ఒకసారి నేను నీళ్లు తాగుతుంటే సీసా ఎత్తి పట్టుకొమ్మని చెప్పాడు. నాకు తిక్క లేచి, "అన్నా, మింగేది కూడా నువ్వే చెప్తావా?" అని అడిగేశాను. ఆయన నవ్వలేదు. ఆయన నవ్వడం మేమెవ్వరం చూడలేదు. నవ్వినా కనపడే వీలు లేదు, ఆ మీసం అలాంటిది.

ఆ మీసం గురించి చెప్పకపోతే మనిషి గురించి సగం చెప్పినట్టే. ముక్కు కింద మొదలై, పై పెదవిని మొత్తం కప్పేసి, బుగ్గల దాకా పాకి ఉండేది. వాళ్ల నాయనకూ అంతేనట. దాన్ని మంగలి గోవిందప్పను కూడా ముట్టనిచ్చేవాడు కాదు, గుడ్డ కొలిచినంత శ్రద్ధగా తానే కత్తిరించుకునేవాడు. నల్లమ్మక్క ఒకసారి మాతో అంది, "పెండ్లి నాడు సూసినేది మీసమే, ఈపొద్దు దాకా సూస్తాండేది మీసమే. దాని ఎనకాల మనిషి ఎట్లుంటాడో నాకూ తెల్దు" అని.

ఇక ఆట సంగతి. ఒక ఎండాకాలం గుడ్డ లారీ రాక యూనిట్ ఖాళీగా పడి ఉంది. ఇస్త్రీ చేసే జాకబ్ గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. జాకబ్ మంచి పొడగరి, అనంతపురం హాస్టల్లో చదివేటప్పుడు బాస్కెట్‌బాల్ ఆడినవాడు. ఖాళీగా ఉండటం చేతగాని మాస్టరు వాడి దగ్గరికి పోయాడు.

"ఏమిరా అది?"

"జట్టు నడిపే ఆటన్నా. దేశదేశాలోళ్లు ఆడతారు. మనం బంతి ముట్టేదేం లేదు. ఎవుర్ని ఆడించల్ల, ఎవుర్ని కూర్చోబెట్టల్ల, యాడ నిలబెట్టల్ల, అదంతా చెప్పేదే మన పని."

"అంటే ఊరికే చెప్పేదేనా?"

"ఊరికే చెప్పేదే."

పుట్టినప్పటినుంచీ మాస్టరు వెతుకుతున్న ఆట అదే మరి! ఆ సాయంత్రానికే ఆయనకో జట్టు తయారైంది. పేరు దుర్గం కత్తెరలు. ఆటగాళ్లను ఆ ఆటే ఇస్తుంది, వాళ్ల పేర్లు ఏ దేశపువో, పలకడానికి మాకెవ్వరికీ నోరు తిరగదు. అందుకని మా ఆడవాళ్లమే నామకరణాలు చేశాం. అందరికన్నా పొడుగువాడు కంబం. పొట్టిగా ఉండి బంతిని చకచకా నడిపించేవాడు బుడంకాయ. వయసు మీరినా గురి తప్పనివాడు పెద్దాయన. వాళ్ల ఆరోగ్యం, అలుపు, కోపతాపాలు మాకు మా ఇంటివాళ్లవి తెలిసినంతగా తెలుసు. "బుడంకాయకు మోకాలు నొప్పంట" అని ఒకరంటే, "అయ్యో పాపం" అని మిషన్లన్నీ ఒక్క క్షణం ఆగేవి.

అంతా బాగానే ఉంది గానీ, ఆ ఆటలో ఒక కోచ్ ఉన్నాడు. కంప్యూటర్ కోచ్. మ్యాచ్‌కు ముందు మనం ఎన్నైనా చెప్పుకోవచ్చు. మ్యాచ్ మొదలయ్యాక మాత్రం మైదానంలోంచి ఎవరిని బయటికి పిలవాలి, ఎవరిని లోపలికి పంపాలి అన్నది కోచ్ చేతిలోకి పోతుంది. మనం తెర మీద అక్షరాలు చదువుకుంటూ గుండెలు బాదుకోవాలి. మాస్టరు పేజీ నిండా సూచనలు పెట్టేవాడు. బుడంకాయను ఇంతసేపు ఆడించు, పెద్దాయనను ఈ భాగంలో కూర్చోబెట్టు, కంబాన్ని బుట్ట కిందనుంచి కదపొద్దు. కోచ్ అవన్నీ చదివి, తలూపి, తనకు తోచింది చేసేవాడు. బుడంకాయ మొదట్లో ఒక్క తప్పు చేస్తే చాలు, మ్యాచ్ అయ్యేదాకా బెంచీకి అతికించేవాడు. ముప్పై పాయింట్లతో గెలుస్తున్నప్పుడు పెద్దాయనను గానుగెద్దులా తిప్పి తిప్పి మడమ బెణికేలా చేసేవాడు. ఒక పొద్దు మా కంబాన్ని, బుట్ట కింద తప్ప ఇంకెక్కడా నిలబడటం రాని కంబాన్ని, బంతి నడిపించమని ముందుకు పంపాడు.

"ఏడడుగుల మనిషిని పంపి బంతి నడిపియ్యమంటాడా! కళ్లు దొబ్బినాయా వీనికి?" అని మాస్టరు అరిచిన అరుపుకు ఇస్త్రీ పెట్టె జాకబ్ చేతిలోంచి జారింది.

ఆ పేజీలో అట్టడుగున ఒక చిన్న గడి ఉండేది. అందులో టిక్కు పెడితే మన సూచనలన్నీ చెరిగిపోయి, మొత్తం ఆట కోచ్ ఇష్టానికే పోతుంది. ఇంకేమీ నొక్కక్కర్లేదు, టిక్కు పడితే అయిపోయినట్టే. ఒకసారి జాకబ్ భయం భయంగా ఆ గడి చూపించాడు.

"అది సోంబేరులకు" అని మాస్టరు ఫోన్ లాక్కున్నాడు.

ఓటముల మీద ఓటములు వచ్చి జట్టు అట్టడుగుకు చేరింది. అట్టడుగున మిగిలితే కింది లీగుకు తోసేస్తారు. మాస్టరుకు అన్నం సయించడం మానేసింది. గుడ్డ కోస్తూ కోస్తూ ఉన్నట్టుండి "బుడంకాయను తీస్తాడా?" అని తనలో తాను గొణుక్కునేవాడు. నవ్వొచ్చేది గానీ జాలి కూడా వేసేది. బతుకులో చేను చెప్పినట్టు వినలేదు, వాన వినలేదు. కనీసం ఈ పది పన్నెండు మంది అక్షరాల మనుషులైనా తన మాట వింటారనుకుంటే నడుమ ఈ కోచ్ ఒకడు.

ఒక రోజు టీ వేళకు మ్యాచ్ వచ్చింది. అందరం టీ గ్లాసులు పట్టుకుని కటింగ్ టేబులు చుట్టూ మూగాం. రెండు పాయింట్లు పైన ఉన్నాం, ఆఖరి నిమిషం నడుస్తోంది. అప్పుడు కోచ్ బుడంకాయను బయటికి పిలిచేసి, బంతిని మళ్లీ కంబం చేతికిచ్చాడు. కంబం బంతిని తన కాలికే కొట్టుకుని బయటికి పోగొట్టాడు. అవతలివాళ్లు దూరం నుంచి విసిరిన బంతి బుట్టలో పడి వాళ్లకు మూడు పాయింట్లు వచ్చాయి. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

మాస్టరు టేబులు మీద చరిచిన చరుపుకు సుద్దపొడి లేచి మా టీ గ్లాసుల్లో పడింది.

"వానికి బుర్రా లేదు, బుద్ధీ లేదు! నేను చెప్పిండేది ఒకటి, వాడు చేసిండేది ఒకటి!"

బయమ్మ ఊరుకునే రకం కాదు. టీలో పడిన సుద్ద వేలితో తీస్తూ అంది, "ఆడలేక మద్దెల ఓడన్నెంట ఎనకటికొకామె. నువ్వు అన్నన్ని చెప్తే వాడైనా ఏం చేస్తాడప్పా? మాకే తల తిరుగుతాది నీతో. ఒక తూరి వానికే ఇడిసిపెట్టి సూడు."

"వానికి ఇడిసిపెట్టేదా? మే బయమ్మా, అందరూ ఇనండి. ఆ కోచ్ సొంత బుద్ధితో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిపిస్తే ఈ మీసం తీసేస్తా. తిప్పన్న మాటంటే మాట."

మీసం మీద ఒట్టంటే మా వైపు ఆషామాషీ కాదు.

"నేనే సాక్షి" అంది బయమ్మ, గ్లాసు కింద పెట్టి.

తరవాత రెండు మ్యాచ్‌లు ఎలాగో గెలిచి, ఆఖరి మ్యాచ్ దాకా ఆశ మిగుల్చుకున్నాం. అది గెలిస్తే లీగులో ఉంటాం, ఓడితే కిందికి పోతాం. మాస్టరు క్యాలెండరు చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఆఖరి మ్యాచ్ పడింది సోమవారం, అమావాస్య నాడు.

మా దుర్గంలో అమావాస్య నాడు కత్తెర గుడ్డను ముట్టదు. మిషన్లకు సెలవు. పొద్దున్నే తలస్నానం చేసి వచ్చి, పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, గడప దగ్గర బూడిద గుమ్మడికాయ పగలగొట్టి ఇళ్లకు పోతాం. మాస్టరు ఈ విషయంలో మాకన్నా పట్టింపు మనిషి. అమావాస్య నాడు ఆటలో సూచనలు కూడా ముట్టడు. అందుకని ఆదివారం సాయంత్రమే కూర్చుని, మునుపెన్నడూ లేనన్ని సూచనలు పెట్టి, జాకబ్ చేత చదివించుకుని విని, "ఇంక నా చేతిలో ఏం లేదు" అని లేచాడు.

అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

సోమవారం పొద్దున పీట మీద కరెంటు కత్తి, కత్తెరలు, టేపు, సుద్ద వరసగా పెట్టాం. మాస్టరు జేబులోంచి ఫోన్ తీసి వాటి పక్కన పెట్టాడు.

"ఇది కూడా పనిముట్టే గదా" అన్నాడు.

మేమెవ్వరం కాదనలేదు. ఆయన ఇంకో అడుగు వేశాడు. ఉత్త ఫోన్‌కు బొట్టు పెడితే ఫోన్‌కే దీవెన తగులుతుంది, జట్టుకు తగలదు. అందుకని జట్టు పేజీ తెరిచి, తెర ఆరిపోకుండా సరిచేసి పెట్టాడు. కంబం, బుడంకాయ, పెద్దాయన అందరి పేర్లూ దేవుడికి కనపడేటట్టు. పేర్ల మీద బొట్టు పడితే పేర్లు కనపడవు కదా, అందుకని వేలు పసుపులో ముంచి, పేజీ అడుగున, ఖాళీగా ఉన్నచోట నిండుగా అద్దాడు. పైన చిటికెడు కుంకుమ చల్లాడు. కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. ఆ భక్తి చూసి నేను కూడా దండం పెట్టుకున్నాను.

జాకబ్ చర్చికి పోయే మనిషే, అయినా గుమ్మడికాయ పగలగొట్టే పని ఎప్పుడూ వాడిదే. ఒక్క దెబ్బకు పగలాలంటే అంత పొడుగు చెయ్యి మాలో ఇంకెవరికీ లేదు. కొబ్బరి ముక్కలు పంచుకుని అందరూ వెళ్లిపోయారు. దీపం కొండెక్కేదాకా ఎవరైనా ఒకరు ఉండాలి, పీట కదపకూడదు. ఆ నెల వంతు నాది. మ్యాచ్ మూడింటికి. ఫోన్ ఎలాగూ పీట మీదే ఉంది కాబట్టి మాస్టరు, జాకబ్ కూడా ఉండిపోయారు. మూడింటిలోపల దీపం ఆరిపోతుందని మా లెక్క.

ఆ పొద్దు దీపంలో నూనె పోసింది బయమ్మ. జట్టు గెలవాలని మొక్కుకుని, గిన్నెడు పోసి పోయింది మహాతల్లి. మూడయింది. దీపం నిటారుగా వెలుగుతోంది. మ్యాచ్ మొదలైందని ఫోన్ గంట కొట్టింది. పీట మీద పసుపు కింద మా బతుకు నడుస్తోంది, మేం చూడలేం.

"ఊదేద్దామాన్నా?" అన్నాడు జాకబ్.

"నోరు కడుక్కో."

"తలుపు తీస్తే గాలొస్తాది. దానంతకదే..."

మాస్టరు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నేను చూశాను. లేచి తలుపు దాకా వెళ్లాడు. గడియ మీద చెయ్యి పెట్టాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. నాకు కడుపులో నవ్వు సుళ్లు తిరుగుతోంది, పైకి వస్తే చంపేస్తాడు. ముగ్గురం ఆ దీపాన్ని గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాం. సగం మ్యాచ్ అయిపోయి ఉంటుందనగా వత్తి ఒక్కసారి ఎగిసి కొండెక్కింది. పొగ ఇంకా లేస్తుండగానే మాస్టరు ఫోన్ అందుకుని, పంచె అంచుతో పసుపు తుడిచాడు.

పన్నెండు పాయింట్లు పైన ఉన్నాం!

"జాకబ్! పన్నెండురా! నేను చెప్పలా? ఆదివారం నాడు నేను పెట్టిండే ఎత్తు అట్లాంటిది!"

జాకబ్ వేలితో తెర పైభాగం చూపించాడు. అక్కడ రాసి ఉన్నదాన్ని మెల్లగా తెలుగులో చెప్పాడు. "యజమాని సూచనలు లేవు. నిర్ణయాలన్నీ కోచ్‌వే."

"అంటే?"

"బొట్టు ఆ గడి మీద పడిందన్నా. టిక్కు పడిపోయింది."

మాస్టరు తెరను చూశాడు. పసుపు అంటిన తన వేలిని చూసుకున్నాడు. మళ్లీ తెరను చూశాడు. తరవాత ఆయన చెయ్యి తనంతట తానే పైకి లేచి మీసాన్ని కప్పుకుంది.

అక్కడినుంచి ఆ గంటలో ఆయన పడిన అవస్థ ఏ మనిషికీ రాకూడదు, చూసే భాగ్యం మాత్రం అందరికీ రావాలి. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. కోచ్ గెలిస్తే లీగు నిలబడుతుంది, మీసం పోతుంది. ఓడితే మీసం ఉంటుంది, జట్టు కిందికి పోతుంది. మన బుట్ట పడితే "అబ్బా!" అని ఎగిరేవాడు, ఎగిరినవాడు గాల్లో ఉండగానే గుర్తొచ్చి "అయ్యో" అని దిగేవాడు. అవతలివాళ్లది పడితే "పోనీలే" అనేవాడు, వెంటనే "పోనీలే ఏందిరా!" అని తన నెత్తి తానే కొట్టుకునేవాడు.

పైగా ఆ కోచ్ ఆ పొద్దు బంగారంలా ఆడించాడు. కంబాన్ని బుట్ట కిందనుంచి కదపలేదు. బుడంకాయను అలిసినప్పుడు కూర్చోబెట్టి, తేరుకోగానే పంపాడు. మాస్టరు ఇన్నాళ్లూ పేజీల కొద్దీ చెప్పినవన్నీ, చెప్పేవాడు లేకపోయేసరికి వాడే చేశాడు.

"ఇదే గదరా నేను చెప్తాండేది!" అని మాస్టరు ఫోన్‌తో మొర పెట్టుకున్నాడు. "నేను చెప్తే ఏంటికి చెయ్యవు? నాతో నీకేం పగప్పా?"

ఆఖరి భాగంలో అవతలివాళ్లు విరుచుకుపడి పన్నెండులో పదకొండు కరిగించేశారు. ఒక్క పాయింటు మిగిలింది. కొద్ది క్షణాలే ఉన్నాయి, బంతి వాళ్ల చేతిలో ఉంది. అప్పుడు కోచ్ పెద్దాయనను బయటికి పిలిచి, బెంచీ చివర ఉండే ఒక బక్కవాణ్ణి లోపలికి పంపాడు. మేం పేరు కూడా పెట్టని వాడు. మాస్టరు ఒక్కసారి కూడా ఆడనివ్వనివాడు.

"వద్దురా! వాడొద్దు! రేయ్ కోచూ, నీ కాళ్లు పట్టుకుంటా, వాడొద్దు!"

జాకబ్ తెర మీది అక్షరాలు చదివాడు. వాళ్లు బంతి విసిరారు. బక్కవాడు ఎగిరాడు. బంతి వాడి వేళ్లకు తగిలి పక్కకు పోయింది. గంట మోగింది. గెలిచాం.

మాస్టరు జాకబ్‌ను ఎత్తుకున్నాడు. అంత పొడుగువాణ్ణి ఎలా ఎత్తాడో ఆ దేవుడికే తెలియాలి. కటింగ్ టేబులు చుట్టూ తిప్పాడు. నేను నవ్వి నవ్వి కొబ్బరి ముక్క గొంతుకు అడ్డం పడి దగ్గుతున్నాను. తరవాత మాస్టరు వాణ్ణి దించి, స్టూలు మీద కూలబడి, మీసం తడుముకున్నాడు.

జాకబ్ గొంతు తగ్గించి అన్నాడు. "అన్నా, సూసినేది మనం ముగ్గురమే."

జాకబ్ నా వైపు చూశాడు. ఎవరికీ చెప్పనని నేను తల ఊపాను. మీసం మనది కాదు, మాట మనది కాదు. ఆయన ఏం చేస్తాడో ఆయన ఇష్టం.

మంగళవారం యూనిట్‌లో తిరనాళ్లే. బయమ్మ ఇంటినుంచి పూర్ణం ఓళిగలు చేసుకొచ్చింది. మిగిలిపోయిన జీన్స్ ముక్కలు దండగా కుట్టి మాస్టరు మెడలో వేశారు. "నువ్వు సూచనలు పెట్టిండే తీరే వేరప్పా! నా నోటికేం, వంద అంటాది. ఈపొద్దు ఒప్పుకుంటాండా, నువ్వు మొనగాడివి" అని బయమ్మే అందంటే చూసుకోండి. బయమ్మ ఒకరిని మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు.

మాస్టరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఓళిగ కొరికి, నమలడం మరిచిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆయన గీసిన సుద్దగీత వంకర పోయింది. చెరిపి గీశాడు, మళ్లీ వంకరే. ఎవ్వరినీ ఏమీ అనలేదు, ఏదీ ఇలా చెయ్యమని చెప్పలేదు. అది గెలిచిన మనిషి వాలకం కాదని నాకు తెలుసు. ఒట్టు మరిచిపోతే ఎవరికీ నష్టం లేదు. కప్పేసుకోవడానికి అంత పెద్ద మీసం ఉండనే ఉంది. నాకు మాత్రం, నిజం చెప్తున్నాను, ఆయన మరిచిపోతాడేమోనని భయమేసింది. మాట తప్పిన మనిషైతే ఇక ఆ అరుపులు భరించడం నా వల్ల కాదనిపించింది.

సాయంత్రం దండ మెడలోంచి తీసి కొక్కేనికి తగిలిస్తూ, ఎవరితోనో కాదు, గోడతో అన్నట్టు అన్నాడు. "గోవిందప్ప అంగడి మంగళారం తెరవడు గదా."

నా గుండె తేలికైపోయింది.

బుధవారం పొద్దున మిషన్లు మొదలెట్టేశాం. ఎవరో కొత్తాయన లోపలికొచ్చి, చెప్పులు విడిచి, తిన్నగా కటింగ్ టేబులు దగ్గరికి పోతున్నాడు. బయమ్మ ఓవర్‌లాక్ ఆపి గట్టిగా అరిచింది.

"ఎవురప్పా నువ్వు? ఆ టేబులు ముట్టుకోవద్దు, మా మాస్టరు సూసినాడంటే..."

ఆ మనిషి తిరిగాడు. ఒక్కొక్క మిషనూ ఆగిపోయింది. ఎండ తగలక పై పెదవి మీద తెల్లటి పట్టీ. దాని కింద చిన్న నోరు, గుండ్రటి గడ్డం. భయపెట్టేది ఆ మొహంలో మచ్చుకైనా లేదు.

"ఏంటికప్పా?" అంది బయమ్మ. ఆమె గొంతు అంత మెత్తగా ఉండటం నాకు తెలియదు. "గెలిచినాం గదా!"

"గెలిపించింది నేను గాదు, ఆ కోచ్. బొట్టు పెట్టబోయి మొత్తం వాని చేతికే ఇచ్చేసినా. నేను పెట్టిండేది ఒక్కటీ మిగల్లేదు." టేపు తీసి మెడలో వేసుకున్నాడు. "నిన్న నీ ఓళిగ తిన్యాను బయమ్మా. అది దిగలేదు. మాటంటే మాట."

నాకు కళ్లు తడి అయ్యాయి, చెప్పడానికి సిగ్గేం లేదు. బయమ్మ లేచి దగ్గరికొచ్చి, ఆ మొహాన్ని ఇటునుంచీ అటునుంచీ పరీక్షగా చూసింది.

"ఈ ముఖం పెట్టుకుని మమ్మల్ని ఇన్నేండ్లు భయపెట్టినావా? పసిబిడ్డ మాదిరుండావు కదప్పా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగలేదు. యూనిట్ మొత్తం గొల్లుమంది. "ఏంటికి నవ్వుతాండారు! పని సూడండి!" అని మాస్టరు అరిచాడు. ఆ చిన్న నోట్లోంచి అంత పెద్ద అరుపు వచ్చేసరికి జాకబ్ ఇస్త్రీ బల్ల పట్టుకుని కింద కూర్చున్నాడు. ఆ పొద్దు ఒక్క ప్యాంటు కూడా సరిగ్గా తయారు కాలేదు.

మీసం మళ్లీ పెంచుతాడనుకున్నాం. నల్లమ్మక్క పెంచనివ్వలేదు. "ఇన్నాళ్లకు మొగుని ముఖం సూస్తాండా, కొన్నాళ్లు సూడనీ" అందట.

కొత్త సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్ టీ వేళకే పడింది. కోచ్‌కే వదిలిపెట్టావా అన్నా అని జాకబ్ అడిగితే, "వానికి ఇడిసిపెడితే ఇంగ నేనేంటికి?" అని మాస్టరు పేజీ నిండా సూచనలు చూపించాడు. అలవాటు ప్రకారం అందరం గ్లాసులు పట్టుకుని టేబులు చుట్టూ మూగాం. మ్యాచ్ మొదలై టీ చల్లారకముందే కోచ్ బుడంకాయను బెంచీకి పంపేశాడు.

"తీసినాడు! తీసినాడు సూడు! కళ్లు దొబ్బినాయా వీనికి!" అని మాస్టరు టేబులు చరిచాడు. సుద్దపొడి లేచింది. అందరూ గ్లాసుల మీద చేతులు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం ఆయన మొహమే చూస్తున్నాను. గొంతు చించుకుని తిడుతున్నాడు, నరాలు ఉబ్బిపోతున్నాయి, పై పెదవి మాత్రం సంతోషం పట్టలేక నవ్వుతోంది. ఇన్నేళ్లూ మమ్మల్ని తిట్టినప్పుడు కూడా ఇలాగే నవ్వేవాడా అని అడుగుదామనుకున్నాను. ఇంతలో కంబానికి బంతి ఇచ్చారు, అందరం కలిసి అరవడం మొదలుపెట్టాం.